పాత ల్యాప్‌టాప్, లైనక్స్, 30 లైఫ్‌ల కాంట్రా: ఆరేళ్లు వాడాక

ముందు నా సరంజామా చెప్తాను. పాత గేమ్ మెషీన్లను కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాముల (ఎమ్యులేటర్ల) విషయంలో ఎవరి అనుభవమైనా వాళ్ల మెషీన్‌ని బట్టే ఉంటుంది. నాది 2014లో కొన్న ల్యాప్‌టాప్. నాలుగో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. విండోస్‌తో మూలుగుతుంటే 2019 చివర్లో లైనక్స్ మింట్ ఎక్కించాను. ఆఫీసు పనికి వేరే ల్యాప్‌టాప్ వచ్చేసరికి ఇది హాల్లో టీవీ కింద స్థిరపడిపోయింది. హెచ్‌డీఎంఐ వైరు ఒకటి, చేతిలో ఒక ప్యాడ్. అప్పట్నుంచీ మా ఇంటి వీడియో గేమ్ ఇదే.

‘వీడియో గేమ్’ అనే మాట కావాలనే వాడాను. తెనాలిలో చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్నదాన్ని అలాగే అనేవాళ్లం. దానికి కంపెనీ పేరూ గట్రా ఏమీ ఉండేది కాదు. 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్‌కి అది నకలు అని పెద్దయ్యాక తెలిసింది. క్యాసెట్ మీద 9999 ఇన్ 1 అని ఉండేది, లోపల చూస్తే అయిదారు గేమ్‌లే తిరగేసి మరగేసి. అడాప్టర్ కాలిపోతుంటే ఫ్యాను కింద పెట్టి పది నిమిషాలు ఆగేవాళ్లం. పిక్చర్ ట్యూబ్ పోతుందని అమ్మ, పరీక్షలు పోతాయని నాన్న. కాంట్రా అనే తుపాకుల గేమ్‌కి మాత్రం విడిగా క్యాసెట్ ఉండేది. అది అటక మీద దొరికింది. ఓ ఫ్రెండ్ దగ్గర క్యాసెట్ చదివే బోర్డు ఉంటే ఫైలుగా మార్చుకున్నాను.

రకరకాల ఎమ్యులేటర్లను ఒకే చోట నడిపే రెట్రోఆర్చ్ ఇన్‌స్టాల్ చేసి, ఆ ఫైలుని దాన్లో తెరిచాను. గంటలో కాంట్రా టీవీ మీద ఆడుతోంది. ఎక్కువ లైఫ్‌లిచ్చే రహస్య బటన్ల వరస: పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ. బొటనవేలికి ఇంకా గుర్తుంది. 30 లైఫ్‌లు వచ్చాయి. అడవి స్టేజ్ మొదలైంది.

ఏదో తేడా కొట్టింది. బొమ్మ మా పాత టీవీలో కంటే శుభ్రంగా ఉంది. మ్యూజిక్ మాత్రం పరిగెడుతోంది. తూటాలు నేను వంగేలోపే వచ్చేస్తున్నాయి. వాటర్‌ఫాల్ స్టేజ్‌లో 30 లైఫ్‌లూ అయిపోయాయి. నలభైకి దగ్గరపడుతున్నాం, చేతులు మొద్దుబారాయేమో అనుకుని వారం రోజులు ఊరుకున్నాను.

అసలు సంగతి టీవీలో ఉంది. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు బొమ్మ గీసేవి. మనవి పాల్ పద్ధతి, 50 సార్లు. ఈ గేమ్‌లకు వేరే గడియారం ఏమీ ఉండదు, టీవీ బొమ్మ గీసిన ప్రతిసారీ ఒక అడుగు ముందుకేస్తాయి. 60కి రాసిన గేమ్‌ని 50 మీద ఆడిస్తే ఆరో వంతు నెమ్మదిస్తుంది. మన దగ్గర అమ్మిన నకలు పెట్టెలు చాలావరకు మన టీవీల కోసం చేసినవే కాబట్టి, మనకు తెలిసిన కాంట్రా ఆ నెమ్మది కాంట్రా. సంగీతంలో ఇంకో చిత్రం ఉంది: ఆ నకలు చిప్పుల్లో శ్రుతి దాదాపు అలాగే ఉంటుంది, తాళం మాత్రం నిదానిస్తుంది. నా చెవి పట్టింది సరిగ్గా దాన్నే.

రెట్రోఆర్చ్‌లో ఫామికామ్ గేమ్‌లను నడిపే భాగం మెసెన్ కోర్. దాని ఆప్షన్లలో రీజియన్ దగ్గర ఎన్‌టీఎస్‌సీ (జపాన్, అమెరికా టీవీ పద్ధతి), పాల్ పక్కన డెండీ అని మూడోది ఉంది. డెండీ అంటే 1992 నుంచి రష్యాలో అమ్మిన నకలు పెట్టె. మన పెట్టెల్లో ఉండే చిప్పుల లెక్కా అదే. డెండీ పెట్టాను. మ్యూజిక్ దారికొచ్చింది, కానీ మనిషి పరిగెడుతుంటే బొమ్మ కుదుపులుగా ఉంది. టీవీ ఇంకా 60 మీదే ఉంది కదా. మింట్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేటుని 50కి మార్చాక నూనె రాసినట్టు జారింది. ఈ రెండు మార్పులూ తెలుసుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. మీరు ఈ రివ్యూలో ఇంకేమీ చదవకపోయినా ఇది మాత్రం చేసి చూడండి.

ఆ సంక్రాంతికి విశాఖ నుంచి అక్క వచ్చింది. ఏమీ చెప్పకుండా ముందు 60 మీద పెట్టి ప్యాడ్ చేతికిచ్చాను. రెండు నిమిషాలు ఆడి, ‘‘ఇది మనది కాదురా, డూప్లికేటు’’ అంది. మార్చి ఇచ్చాను. ‘‘ఆఁ, ఇదీ.’’ అసలు డూప్లికేటు మన ఇంట్లోదే అక్కా అంటే నమ్మలేదు. రాత్రి పన్నెండు దాకా ఇద్దరం ఆడాం. పై ప్లాట్‌ఫామ్ ఎక్కేసి నన్ను తెర కిందికి తోసి చంపే అలవాటు ఆవిడకు ఇంకా పోలేదు.

ఇక రెట్రోఆర్చ్ గురించి. పని బాగా చేస్తుంది, మెనూ మాత్రం మేనమామ ఇంటి స్టోర్‌రూమ్ లాంటిది. అన్నీ ఉంటాయి, కావలసింది కనబడదు. ఒక్కో పాత మెషీన్‌కి ఒక్కో కోర్ దించుకోవాలి. రెట్రోఆర్చ్‌ని సిస్టమ్ ప్యాకేజీగా కాకుండా, మిగతా సిస్టమ్‌తో ముడిపడని ఫ్లాట్‌పాక్‌గా వేసుకోండి, వెర్షన్ కొత్తగా ఉంటుంది, కోర్ డౌన్‌లోడర్ కోసం వెతుక్కోనక్కర్లేదు. అయితే ఫ్లాట్‌పాక్ ప్రోగ్రాములకు మీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కనిపించకపోవచ్చు. ఫ్లాట్‌సీల్ అనే ప్రోగ్రామ్‌లో ఆ ఫోల్డర్‌కి పర్మిషన్ ఇస్తే సరి. ఇది తెలియక డిస్క్ పోయిందని ఓ సాయంత్రమంతా టెన్షన్ పడ్డాను.

రన్-అహెడ్ అని ఒక సెట్టింగ్ ఉంది, దాని ముందు నమస్కారం పెట్టాలి. ఇప్పటి టీవీలు బొమ్మను తీర్చిదిద్దడానికి టైమ్ తీసుకుంటాయి. మనం బటన్ నొక్కాక మారియో కాస్త ఆగి ఎగురుతాడు, గోతిలో పడతాడు. రన్-అహెడ్ గేమ్‌ని లోపల ఒక ఫ్రేమ్ ముందుకు నడిపి చూసుకుని, ఆ ఆలస్యాన్ని అంత మేరకు మింగేస్తుంది. టీవీలో గేమ్ మోడ్, ఇక్కడ రన్-అహెడ్ ఒక ఫ్రేమ్. ఇంతకు మించి నాకు అవసరం పడలేదు. పాత టీవీ గీతలు తెచ్చే షేడర్లు కూడా ఉన్నాయి గానీ భారీవి ఈ ల్యాప్‌టాప్ లాగలేదు. సీఆర్‌టీ-జియోమ్ లాంటి తేలికది ఒకటి పెట్టుకున్నాను. డక్ హంట్ మీద మాత్రం ఆశ వదులుకోండి. ఆ గన్ను పాత పిక్చర్ ట్యూబ్ మెరుపుని చూసి పనిచేసేది. మౌస్‌తో బాతుల్ని కొట్టడంలో సరదా ఏముంది?

తర్వాత ముస్తఫా. గేమ్ అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది, కథ ప్రకారం హీరో జాక్. కానీ రూపాయి కాయిన్ వేసి ఆడినవాళ్లందరికీ అది ముస్తఫా గేమే. పరిగెత్తి తన్నే తన్ను అందులోని ముస్తఫా అనే పాత్రదే కదా. ఇది ఇంటి కన్సోళ్లకు రాలేదు, షాపు మెషీన్‌లోనే ఉండేది. కాబట్టి షాపు మెషీన్లను అనుకరించే మేమ్ లేదా ఎఫ్‌బీ నియో కావాలి. మేమ్ 1997 నుంచీ ఉంది, దాదాపు నెలకో వెర్షన్ వస్తుంది, చిక్కూ అక్కడే. చిప్పుల ఫైళ్ల జాబితాను వాళ్లు సరిదిద్దుకుంటూ పోతారు, నిన్న నడిచిన గేమ్ ఇవాళ ‘ఫైలు లేదు’ అంటుంది. నేను ఒక వెర్షన్ దగ్గర ఆగిపోయి నాలుగేళ్లయింది. అప్‌డేట్ చేయమని అడిగినప్పుడల్లా ‘వద్దు’ నొక్కుతున్నాను. కాయిన్‌కి ఒక బటన్ పెట్టుకోవచ్చు. ఎన్ని రూపాయలైనా వేసుకోవచ్చు అన్నప్పుడు మాత్రం ఆ ఆట రుచి సగం పోయిందని ఒప్పుకోవాలి. అందుకే ఇంట్లో రూలు పెట్టాను: మనిషికి మూడు కాయిన్లు.

పీఎస్2 (సోనీ ప్లేస్టేషన్ 2) సంగతికొస్తే నా మెషీన్ అక్కడ ఆయాసపడుతుంది. పీసీఎస్‌ఎక్స్2 మంచి ప్రోగ్రామ్, 2024లో వచ్చిన 2.0 తర్వాత మెనూలు కూడా మనుషులు వాడేలా ఉన్నాయి. నాలుగో తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌కి వల్కన్ అనే కొత్త గ్రాఫిక్స్ పద్ధతి పూర్తిగా లేదు, పాతదైన ఓపెన్‌జీఎల్ ఎంచుకుని, రిజల్యూషన్ పెంచకుండా ఆడాలి. క్రికెట్ 07 ఫర్వాలేదు, పెద్ద పెద్ద గేమ్‌లు స్లో మోషన్. దీనికి పీఎస్2 బయోస్ (కన్సోల్ లోపల ఉండే సోనీ ప్రోగ్రామ్) కావాలి, మీ దగ్గరున్న కన్సోల్ నుంచే తీసుకోవాలి. డిస్కుల పని తేలిక. మామూలు డీవీడీ డ్రైవ్‌లో పెట్టి టెర్మినల్‌లో డీడీ కమాండ్ ఒక లైను కొడితే డిస్కుకి నకలుగా ఐఎస్‌ఓ ఫైలు వచ్చేస్తుంది. నేను మొదట అలా తీసింది హనుమాన్: బాయ్ వారియర్. హైదరాబాద్‌లో అరోనా టెక్నాలజీస్ తయారు చేసి 2009లో విడుదలైన గేమ్. నిజం చెప్పాలంటే కెమెరా తల తిప్పుతుంది, దూకితే ఎక్కడ పడతామో హనుమంతుడికే తెలియాలి. అయినా మన ఊళ్లో ఒక కన్సోల్ గేమ్ పుట్టిందని చూసుకోవడానికి ఆ డిస్కు దాచుకున్నాను. డిస్కు మీద గీతలు పడుతున్నాయి, ఫైలు మాత్రం భద్రం.

సోనీ చేతి కన్సోల్ పీఎస్‌పీ గేమ్‌లు కావలసినవాళ్లకు పీపీఎస్‌ఎస్‌పీపీ. బయోస్ అక్కర్లేదు, ఇంత పాత మెషీన్ మీదా హాయిగా నడుస్తుంది. స్కూల్ కంప్యూటర్ ల్యాబ్ జ్ఞాపకాలుంటే పాత డాస్ గేమ్‌లు నడిపే డాస్‌బాక్స్. జాన్ రొమేరో చేసిన డేంజరస్ డేవ్, గంటలో ముగించాల్సిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా, రెండూ పది నిమిషాల్లో సెటప్ అయిపోతాయి.

ఎమ్యులేటర్ చట్టబద్ధమేనా అని అందరూ అడుగుతారు. అసలు సోనీ బయోస్ కోడును విప్పి చదివి ఎమ్యులేటర్ తయారు చేయడం ఫెయిర్ యూజ్ (కాపీరైట్ చట్టం ఒప్పుకునే వాడకం) అని, ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ చేసిన కనెక్టిక్స్ కంపెనీ మీద సోనీ వేసిన కేసులో 2000లో అమెరికా అప్పీల్ కోర్టు తేల్చింది. గేమ్ ఫైళ్ల కాపీరైట్ సంగతి వేరు. అమ్ముతున్నవి కొనుక్కోండి. కాంట్రా పాత గేమ్‌ల సెట్ స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ షాపులో 2019 నుంచి ఉంది, విండోస్ గేమ్‌లను లైనక్స్‌లో ఆడించే ప్రోటాన్‌తో నడుస్తుంది, నేనూ కొన్నాను. అందులోని కాంట్రా 60 లెక్కదే, అదొక్కటే బాధ.

చిల్లర తలనొప్పులు కొన్ని. మొదట 400 రూపాయల ప్యాడ్ ఒకటి కొన్నాను, నాలుగు నెలలకే జంప్ బటన్ లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు పీఎస్4 ప్యాడ్ వాడుతున్నాను. లైనక్స్ కెర్నెల్‌లోనే దాని డ్రైవర్ ఉంది, వైరు పెట్టినా బ్లూటూత్ అయినా ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. ఇందులో విండోస్ కంటే ఇదే సుఖం. ప్యాడ్ నొక్కుడుని కొన్నిసార్లు సిస్టమ్ ‘మనిషి ఉన్నాడు’ అని లెక్కలోకి తీసుకోదు, సరిగ్గా బాస్ దగ్గర స్క్రీన్ ఆరిపోతుంది. పవర్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ ఆపే టైమ్‌ని ‘నెవర్’ చేయండి.

ఇంకొకటి, ఏడుపొచ్చే సంగతి. ఆటని ఏ క్షణంలోనైనా ఉన్నదున్నట్టు దాచే ఎమ్యులేటర్ సేవ్ స్టేట్‌లని నమ్మకండి. ఒక ఎమ్యులేటర్ (పేరెందుకు లెండి) అప్‌డేట్ అయ్యాక నా 40 గంటల ఆట తెరుచుకోలేదు. స్టేట్ అనేది ఆ వెర్షన్‌తో ముడిపడి ఉంటుంది. గేమ్ లోపల మెమరీ కార్డులో చేసే సేవ్ ఎక్కడికైనా వస్తుంది. వారానికోసారి ఆ ఫోల్డర్‌ని పెన్ డ్రైవ్‌లోకి లాగుతున్నాను.

ఇప్పుడు అక్కకి కూడా ఇదంతా కావాలట. బావగారి పాత డెస్క్‌టాప్ మీద పోయిన నెల మింట్ ఎక్కించి, ఫైళ్లన్నీ సర్ది ఇచ్చాను. తీరా చూస్తే ఆ మానిటర్‌కి 50 హెర్ట్జ్ లేదు. 60 మీదే ఆడుకో, రెండు రోజుల్లో అలవాటైపోతుంది అన్నాను ఫోన్‌లో.

‘‘అయితే వద్దులే. పండక్కి మీ ఇంటికే వస్తాం’’ అంది.