బర్మింగ్‌హామ్: హోటల్‌కి దండం, ఆ పాత ఇళ్లు మాత్రం తప్పక చూడండి

బర్మింగ్‌హామ్‌లో మేం దిగిన హోటల్ పేరు రాయను గానీ వాళ్ల వ్యవహారం చెప్తాను. పొద్దున గది ఖాళీ చేసి, సాయంత్రం రైలు దాకా సామాను పెట్టుకోమంటే బ్యాగుకి 6 పౌండ్లు, నాలుగింటికి 24 అన్నారు. బుక్ చేసినప్పుడు ఫ్రీ అని ఉంది కదా అని ఫోన్‌లో చూపిస్తే, అది గంట వరకేనట! ఆ గంట సంగతి ఎక్కడా రాసి లేదు. బ్యాగులు ఈడ్చుకుంటూ ఊరంతా తిరగలేం కాబట్టి కట్టాం, మా ఆయన మాత్రం మధ్యాహ్నం దాకా ముఖం మాడ్చుకునే ఉన్నారు. 38.50 పౌండ్ల బాల్టీ (చిన్న ఇనప మూకుడులో వండి అందులోనే వడ్డించే కూర) భోజనం కూడా ఆయన్ని కరిగించలేదు, కూర బాగానే ఉంది పాపం.

ఆయన్ని మామూలు మనిషిని చేసింది హర్స్ట్ స్ట్రీట్ మూల మీది బ్యాక్ టు బ్యాక్ ఇళ్లు. వీధివైపు ఒక ఇల్లు, అదే వెనక గోడకి ఆనుకుని లోపలి వాకిలివైపు ఇంకో ఇల్లు, అంతస్తుకో గది. మరుగుదొడ్లు, బట్టలుతికే గది వాకిట్లో అందరికీ ఉమ్మడి. 19వ శతాబ్దంలో ఈ ఊరి పనివాళ్లలో చాలామంది ఇలాగే బతికారు. ఇలాంటి ఇళ్లున్న వాకిళ్లలో ఊళ్లో మిగిలిన ఆఖరిది ఇదే, పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ 2004లో జనం చూడ్డానికి తెరిచింది.

ఒక్కో ఇల్లు ఒక్కో కాలంలో అక్కడ నిజంగా ఉన్న కుటుంబానిది. 1840ల ఇంట్లో గడియారం ముళ్లు చేసిన లెవీ వాళ్లు, 1870ల ఇంట్లో గాజు కళ్లు చేసిన ఓల్డ్‌ఫీల్డ్. ఇలాంటి వివరాలు పట్టిచ్చేది జనాభా లెక్కల కాగితాలే. 1841లో పెద్దవాళ్ల వయసు ఐదుల్లోకి తగ్గించి రాసుకునేవాళ్లు, 38 ఏళ్లవాడు 35 అయిపోయేవాడు. 1851 నుంచి అసలు వయసు, ఇంటి పెద్దకి ఏమవుతారు, ఏ ఊళ్లో పుట్టారు అన్నీ ఎక్కాయి. మా ఆయన గైడ్‌ని వదల్లేదు, ప్రశ్న మీద ప్రశ్న.

అత్తయ్య మాత్రం చివరి కొట్లో ఆగిపోయారు. కరీబియన్ దీవి సెయింట్ కిట్స్ నుంచి వచ్చిన జార్జ్ సాండర్స్ 2001 దాకా నడిపిన టైలర్ షాపు అది. ఆవిడ ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టిన మనిషి, కాగితం మీద గీసిన కొలతలు చూసి "ఈయన చంక దగ్గర బాగా వదిలాడే" అని తీర్పిచ్చేశారు.

గైడ్‌తో తప్ప లోపలికి పోనివ్వరు, టికెట్ ముందే బుక్ చేసుకోండి. మెట్లు మరీ ఇరుకు, నిటారు, మెలికలు; అత్తయ్య వెనక్కి తిరిగి, తాడు పట్టుకున్నట్టు రెయిలింగ్ పట్టుకుని దిగారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే బుకింగ్ అప్పుడే ఆ మాట చెప్పేయండి.