పాత సైలెన్సర్‌కి 1,340 రూపాయల మరమ్మతు: 21 నెలలు వాడాక

ఇందుకూరుపేట మండలంలోని మా ఊరి నుంచి రొయ్యల గుంటలకి నాలుగు కిలోమీటర్లు. రోజుకి నాలుగుసార్లు పోయి రావాలి. అందులో ఒకటి తెల్లవారుజామున మూడున్నరకి. ఆ వేళప్పుడే గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో కళ్లతో చూసుకోవాల్సిందే. బండి 2012 నాటి స్ప్లెండర్ ప్లస్, 97.2 సీసీ. నమ్మకమైన బండి, ఇంజన్ ఇప్పటికీ ఒక్క కిక్కుకి లేస్తుంది.

మోత ఒక్కరోజులో పెరగలేదు. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజుల్లో మా రోడ్డు నిండా నీళ్లు. ఆ నీళ్లలోనే నాలుగు రోజులు బండి తోలాను. తర్వాత కొన్నాళ్లకి యాక్సిలేటర్ వదిలినప్పుడల్లా ఫట్ ఫట్‌మని పేలడం మొదలైంది. సంక్రాంతి నాటికి ట్రాక్టరు మోత. ఎదురింటి అమ్మాయి అప్పుడే పురిటికొచ్చి ఉంది. వాళ్లమ్మ ఒకరోజు నన్ను ఆపి, "అబ్బయ్యా, నువ్వు పోయినాక గంటకి గానీ బిడ్డ మళ్లా నిద్రపోవడంలా" అంది. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే అంత బాధ ఉండేది కాదేమో. ఆ మర్నాటి నుంచి బండిని వీధి చివర రామాలయం దాకా తోసుకుపోయి అక్కడ స్టార్ట్ చేసేవాణ్ణి.

కొత్త కంపెనీ సైలెన్సర్ ధర అడిగాను. ఆ సీజన్లో రొయ్య ధర పడిపోయి చేతిలో డబ్బు ఆడటం లేదు. ఉన్నదాన్నే బాగుచేసుకోవాలని అనుకున్నాను.

ముందు నేను చేసిన తప్పులు చెప్తాను, మీకు ఆ డబ్బు మిగులుతుంది. రెండు ముద్దలు కలిపి పిసికే ఎపాక్సీ మట్టి ఉంటుంది కదా, నీళ్ల పైపులకి పెట్టేది, దాన్ని చిల్లుకి అద్దాను. తొమ్మిదో రోజుకి బొగ్గులా మాడి రాలిపోయింది. ఆ మట్టి వేడికి నిలిచేది కాదు. తర్వాత ఎవరో చెప్పారని అంట్లు తోమే ఇనుప పీచు తోక గొట్టంలో కుక్కాను. మోత కొంచెం తగ్గిన మాట నిజమే, కానీ బండికి లాగుడు పోయింది, పొగ బయటికి పోయే దారి లేక ఇంజన్ విపరీతంగా వేడెక్కింది. రెండో రోజే పీకేశాను. ఇది మాత్రం ఎవరూ చేయొద్దు.

అసలు మోత ఎక్కడి నుంచి వస్తుందో వెతకడం ఆ తర్వాత నేర్చుకున్నాను. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, తడిపిన గోనె గుడ్డ మడత తోక గొట్టానికి ఒక్క క్షణం అడ్డం పెట్టి, పైపు వెంబడి చెవి పెట్టి వినాలి. లీకున్న చోట చుస్ చుస్‌మని వినిపిస్తుంది. అనుమానం ఉన్న అతుకుల మీద సబ్బు నీళ్లు పోస్తే బుడగలు చెప్తాయి. ఆరుబయటే చేయాలి, ఆ పొగ పీలిస్తే ప్రమాదం. నా బండికి రెండు లీకులు దొరికాయి. ఒకటి ఇంజన్ హెడ్డుకి, పొగని సైలెన్సర్‌లోకి తెచ్చే బెండు పైపు కలిసే చోట, చుట్టూ నల్లటి మసి. రెండోది సైలెన్సర్ పొట్ట కింద అతుకు వెంబడి. ఇవి కాక, సైలెన్సర్ ఊపితే లోపల ఏదో గలగలలాడుతోంది.

హెడ్డు దగ్గరి లీకుకి మందు 40 రూపాయల గ్యాస్కెట్, అంటే అతుకు సందు మూసే ఉంగరం. మొత్తం పనిలో పైసాకి పది పైసల ఫలితం ఇచ్చింది అదే. కానీ తొందరపడితే మునుగుతాం. అక్కడి రెండు స్టడ్లు (నట్లు ఎక్కే తల లేని బోల్టులు) ఏళ్ల తరబడి వేడికి తుప్పుపట్టి ఉంటాయి. బలవంతంగా తిప్పితే స్టడ్డు అల్యూమినియం హెడ్డులోనే విరుగుతుంది, ఇక లేత్ పని దాకా పోతుంది. నేను ముందురోజు రాత్రి, తెల్లారి, మధ్యాహ్నం మూడుసార్లు తుప్పు వదిలే నూనె కొట్టి వదిలేశాను. సాయంత్రానికి స్పానర్‌కి కిర్రుమని లొంగాయి. పాత గ్యాస్కెట్ నొక్కుకుపోయి హెడ్డులో భాగమే అన్నట్టు అతుక్కుని ఉంది. సన్న స్క్రూడ్రైవర్‌తో చుట్టూ కొద్దికొద్దిగా లేపితే నల్లటి ఉంగరంలా ఊడొచ్చింది. కొత్తదానికి వేలితో ఒక చుట్టు గ్రీజు రాసి లోపల అంటించాలి, లేకపోతే పైపు ఎత్తేలోపు జారి కింద పడుతుంది. రెండు నట్లూ ముందు చేత్తో బిగించి, వెనక పెద్ద బోల్టు పెట్టి, ఆ తర్వాత అటొక పావు చుట్టు ఇటొక పావు చుట్టు బిగించుకుంటూ పోవాలి. ఒకటి పూర్తిగా బిగించి రెండోది పట్టుకుంటే పైపు ఓరగా కూర్చుని మళ్లీ లీకే. పది కిలోమీటర్లు తోలి, చల్లారాక ఇంకోసారి చూసుకోవాలి. నాది అప్పుడు అర చుట్టు తిరిగింది.

ఫట్ ఫట్ ఆ రోజుతో పోయింది. ఆ లీకులోంచి బయటిగాలి లోపలికి దూరి, కాలని పెట్రోలు ఆవిరి పైపులో అంటుకోవడం వల్ల ఆ పేలుడు వస్తుందట. కార్బ్యురేటర్ తప్పనుకుని నెల రోజులు దాని స్క్రూలు తిప్పుతూ కూర్చున్నాను, పాపం దానిది ఏ తప్పూ లేదు.

సైలెన్సర్ విప్పి నెల్లూరు మైపాడు గేటు దగ్గర ఒక వెల్డింగ్ భాయ్‌కి ఇచ్చాను. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకుని నేలకి తట్టాడు. గుప్పెడు ఎర్రటి తుప్పు పెళ్లలు, తడితడిగా, పడ్డాయి. సముద్రపు ఉప్పుగాలి బయటి నుంచి తింటుందని నాకు తెలుసు. లోపలి నుంచి తినేది ఏదో ఆయన చెప్పాడు. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. దూరం తోలితే సైలెన్సర్ కాగి ఆ ఆవిరి బయటికి పోతుంది. నాలాగా నాలుగు కిలోమీటర్లు పోయి ఆపేస్తే ఆ నీళ్లు పొట్టలోనే మిగిలి కుళ్లబెడతాయి. నీళ్లు కారడానికి అడుగున సన్న రంధ్రం ఉంటుంది, నాది బురదతో పూడిపోయింది. పన్నెండేళ్లుగా బండి నడుపుతూ ఆ రంధ్రం ఒకటుందని నాకు తెలియదు.

అతుకు వేయడానికి ఇంట్లో మిగిలిన జింకు రేకు ముక్క తీసుకుపోయాను. భాయ్ పక్కన పెట్టేశాడు. "ఈ జింకు కాలిన పొగ పీలిస్తే రాత్రికి జ్వరం వస్తదన్నా" అని తన దగ్గరున్న జింకు పూత లేని నల్ల రేకు కోశాడు. ఆర్క్ వెల్డింగ్ పెడితే పల్చటి రేకు కరిగి చిల్లు పెద్దదవుతుందని గ్యాస్ మంట మీద ఇత్తడి కడ్డీతో అతికాడు. తుప్పు తిన్నచోటు మెరిసే ఇనుము కనిపించేదాకా రుద్ది, రేకు ఎర్రబడ్డాక కడ్డీ తాకిస్తే ఇత్తడి నీళ్లలా అతుకు సందులోకి పాకింది. వెనక మూత కోసి చూస్తే లోపలి అడ్డుగోడల్లో ఒకటి ఊడి వేలాడుతోంది. సైలెన్సర్ లోపల గదులు గదులుగా ఉండేది అందుకే. ధ్వని తరంగాలు ఆ గోడలకి కొట్టుకుని వెనక్కి తిరిగి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. గోడ ఊడితే ఆ పని సగం ఆగినట్టే. దాన్ని అతికి మూత పెట్టేశాడు. రెండు గంటల పని, 600 తీసుకున్నాడు.

వెనక మౌంటింగ్ రబ్బరు బుష్షు 60, వేడికి తట్టుకునే రంగు 290, బెండు పైపుకి చుట్టే వేడి టేపు 350. గ్యాస్కెట్‌తో కలిపి మొత్తం 1,340.

ఇంతవరకూ పని. ఇక ఇరవై ఒక్క నెలల్లో, 18,000 కిలోమీటర్ల పైన తోలాక ఎలా ఉందంటే, ఇత్తడి అతుకు చెక్కుచెదరలేదు. లోపలి గోడ గలగలలాడలేదు. రబ్బరు బుష్షు అంత చిన్నదైనా ఫుట్‌రెస్టుకి వచ్చే అదురు తగ్గించింది, ఇంకా బాగుంది. పనికి ముందూ వెనకా మోత కొలిచే ఫోన్ యాప్ పెట్టి అదే వాకిట్లో, అదే స్టూలు మీద కొలిచాను. అప్పుడు 88 డెసిబెల్స్, తర్వాత 76. ఫోన్ అంకెల్ని నిజమైన కొలతగా తీసుకోవద్దు, తేడా చూసుకోవడానికే. పది డెసిబెల్స్ తగ్గితే చెవికి మోత దాదాపు సగమైనట్టు ఉంటుంది, నాకు అలాగే అనిపించింది.

రంగు ఐదు నెలలకే బెండు దగ్గర లేచిపోయింది. రెండోసారి ఉప్పుకాగితంతో బాగా రుద్ది, సన్నగా రెండు పూతలు వేసి, ఇంజన్ కాసేపు తిప్పి ఆపి కాల్చాను. అది నిలిచింది.

వేడి టేపు మాత్రం దండగ. దండగే కాదు, చెడు చేసింది. కాలికి వేడి తగలదని, మోత కూడా తగ్గుతుందని చుట్టాను. మోతలో తేడా ఏమీ లేదు. తొలి వానాకాలం అయ్యాక విప్పి చూస్తే టేపు కింద పైపంతా ఎర్రగా పొక్కి ఉంది. తడిని పట్టుకుని వదల్లేదు. మా తీరప్రాంతంలో ఇనుప పైపుకి ఇది చుట్టకండి, నా మనవి.

మా బావమరిది కావలిలో ఉంటాడు, వాడిది 150 సీసీ బండి. కంపెనీ సైలెన్సర్ తీసేసి మోత వచ్చే పొట్టి గొట్టం వేయించాడు. తర్వాత వాడికే తలనొప్పి పుట్టి నా దగ్గరికి తెచ్చాడు. ఆ గొట్టాల్లో గదులుండవు. చిల్లుల గొట్టం చుట్టూ గాజు పీచు ఉంటుంది, అది కాలిపోయేకొద్దీ మోత పెరుగుతుంది. చేతికి గ్లౌజులు, మూతికి గుడ్డ కట్టుకుని కొత్త పీచు చుట్టాం. నాలుగు నెలలు బాగుంది, మళ్లీ మొదటికొచ్చింది. 80 నుంచి 175 సీసీ మోటార్‌సైకిళ్లకి తయారీలోనే 77 డెసిబెల్స్ హద్దు పెట్టారు. ధ్వని ప్రమాణాలు దాటితే మోటారు వాహన చట్టం 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు పోవడం ఉన్నాయి. ఆ మాట చెప్పాక ఇంటి అటక మీదున్న అసలు సైలెన్సర్ దింపించాడు. దానికంటే నిశ్శబ్దమైనది ఎంత డబ్బు పెట్టినా మాకు దొరకలేదు.

ఈ వానల్లో నా సైలెన్సర్‌కి పాత అతుకు పక్కన ఇంకో సూది చిల్లు పడింది. భాయ్ 100 రూపాయలకి మూశాడు. చుట్టుపక్కల రేకు పల్చబడిందని, ఇంకో రెండు వానాకాలాలు లాగితే గొప్పని చెప్పాడు. కొత్తదానికి డబ్బు పక్కన పెట్టడం మొదలుపెట్టాను. అప్పటిదాకా ప్రతి ఆదివారం సైకిల్ పుల్లతో అడుగు రంధ్రం పొడిచి చూస్తున్నాను. వారానికోసారి పనున్నా లేకపోయినా నెల్లూరు దాకా తోలి సైలెన్సర్ బాగా కాగనిచ్చి తెస్తున్నాను. మొన్న అలా వచ్చి ఆపాక పుల్ల పెడితే నాలుగు చుక్కలు నల్లటి నీళ్లు కారాయి, ఆ తర్వాత పొడిగానే ఉంది.

ఎదురింటి బిడ్డ ఇప్పుడు నడుస్తోంది. బండిని రామాలయం దాకా తోసుకుపోవడం మానేశాను, మూడున్నరకి మా వాకిట్లోనే స్టార్ట్ చేస్తున్నాను.