గుమ్మడి స్ట్యూకి ఎనామిల్ క్యాస్ట్ ఐరన్ గిన్నె: కొనొచ్చా?

గుమ్మడికాయ స్ట్యూ చెడిపోయేది మసాలా వల్ల కాదు, నీళ్ల వల్ల. పచ్చి గుమ్మడిలో నూటికి 90 పాళ్లు నీళ్లే. పల్చటి స్టీలు గిన్నెలో వేస్తే ముక్కకి రంగు రాకముందే నీళ్లు ఊరి, అందులోనే ఉడికి మెత్తబడిపోతుంది. పోనీ మంట పెంచుదామంటే కింద మసాలా మాడుతుంది. ఎనామిల్ పూత వేసిన 5 లీటర్ల క్యాస్ట్ ఐరన్ (పోత ఇనుము) గిన్నె ఈ ఇబ్బందిని చాలావరకు తీరుస్తుంది. ఈ ఒక్క వంటకే అయితే ఐదుకి నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. ఒక మార్కు ఎందుకు పోయిందో ఎత్తి చూస్తే తెలుస్తుంది: మూతతో కలిపి ఖాళీ గిన్నే 5 కిలోల దాకా తూగుతుంది. స్ట్యూ నిండాక దాన్ని పొయ్యి మీంచి దించడం ఒంటిచేత్తో అయ్యే పని కాదు. అందుకే కొనేముందు పిడులు చూడండి. మందపాటి గుడ్డతో పట్టుకున్నా నాలుగు వేళ్లూ దూరాలి. మూత మీది గుబ్బ ప్లాస్టిక్‌దైతే అది ఎంత వేడి వరకు తట్టుకుంటుందో కూడా కనుక్కోండి, ఓవెన్‌లో పెట్టేవాళ్లకి అది ముఖ్యం.

లీటర్ల లెక్క కన్నా అడుగు వెడల్పు ముఖ్యం. 24 నుంచి 26 సెంటీమీటర్లు ఉంటే ముక్కలు ఒకే వరసలో పరుచుకుని వేగుతాయి. ఎత్తుగా, ఇరుగ్గా ఉన్నది సూప్‌కి బాగుంటుంది కానీ దీనికి దండగ. లోపలి పూత లేతరంగుదే తీసుకోండి. నల్లటి పూతలో ముక్క కొంచెం బాగానే ఎర్రబడుతుంది గానీ, మసాలా ఏ రంగుకి వచ్చిందో కనబడదు.

క్యాస్ట్ ఐరన్ వేడిని అంతటా సమానంగా పంచుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆ విషయంలో అల్యూమినియం దానికన్నా ఎంతో మెరుగు. క్యాస్ట్ ఐరన్ గొప్పదనం వేడిని పట్టి ఉంచడంలో ఉంది. చల్లటి ముక్కలు వేసినా అడుగు ఒక్కసారిగా చల్లారిపోదు, అందుకే అవి ఉడకకుండా వేగుతాయి. కానీ చిన్న బర్నర్ మీద పెడితే మధ్యలో మాడుతూ అంచుల్లో పచ్చిగా ఉంటుంది. నూనె వేసి మధ్యస్థం మంట మీద 6, 7 నిమిషాలు ఓపిగ్గా కాగనివ్వాలి. ఇండక్షన్ మీద అయినా ఇదే పద్ధతి. ఖాళీ గిన్నెని పెద్ద మంట మీద పెట్టొద్దు. ఎనామిల్ అంటే గాజే, ఉన్నట్టుండి వేడెక్కినా చల్లబడినా చిట్లుతుంది.

ఇక కాయ. గిన్నె ఎంత మంచిదైనా కాయ నీరుకాయ అయితే లాభం లేదు. చిన్నవి, బరువైనవి, కండ గట్టిగా ఉన్నవి ఎంచుకోండి. బటర్‌నట్, కబోచా రకాలు దీనికి బాగా కుదురుతాయి. తొడిమ ఎండి గట్టిపడి ఉండాలి, తొక్కలో గోరు దిగకూడదు. కోశాక పచ్చిముక్క చిటికెడు కొరికి చూడండి. చేదుగా ఉంటే ఆ కాయ పారేయాల్సిందే. ఆ చేదు వంటతో పోదు, పైగా తింటే కడుపు పాడవుతుంది.

కొలతలు నలుగురికి: 1.2 కిలోల కాయ. తొక్క, గింజలు పోగా సుమారు 900 గ్రాములు తేలుతుంది. 3 సెంటీమీటర్ల ముక్కలు కోయండి, అంతకన్నా చిన్నవైతే కరిగిపోతాయి. కాగిన 3 టేబుల్ స్పూన్ల నూనెలో సగం ముక్కలు పరిచి 4 నిమిషాలు కదపకుండా వదిలేయండి. ఇప్పుడే ఉప్పు వేయకండి, నీళ్లు ఊరి వేపుడు కాస్తా ఉడుకు అవుతుంది. ఒక వైపు ముదురు గోధుమ రంగుకి వస్తే చాలు. తీసేసి మిగతా సగం కూడా అలాగే వేయించండి.

అదే నూనెలో టీస్పూన్ జీలకర్ర, చిన్న దాల్చిన చెక్క ముక్క చిటపటలాడాక రెండు పెద్ద ఉల్లిపాయల తరుగు వేయండి. ఉల్లి నీరు వదులుతున్నప్పుడు అడుక్కి అంటుకున్న గోధుమ రంగు పొరని చెక్క గరిటెతో గీకాలి. స్ట్యూ రుచిలో సగం ఆ పొరదే. ఉల్లి మగ్గాక టేబుల్ స్పూన్ అల్లం వెల్లుల్లి ముద్ద.

పొడులు వేసే దగ్గరే ఈ గిన్నె దెబ్బకొడుతుంది. సిమ్ చేసినా అడుగు వేడి తగ్గడానికి నిమిషాలు పడుతుంది, ఈలోపు కారం నల్లబడిపోతుంది. ముందుగా మంట ఆపేసి, రెండు నిమిషాలాగి, 2 టీస్పూన్ల ధనియాల పొడి, ఒకటిన్నర టీస్పూన్ కారం, అర టీస్పూన్ చొప్పున పసుపు, మిరియాల పొడి వేయండి. మిగిలిన వేడికే అర నిమిషంలో ఘుమఘుమలాడతాయి. వెంటనే అర కప్పు వేడినీళ్లు. ఘాటు ముక్కుకి గుచ్చుకుంటూ మాడువాసన వచ్చిందంటే పొడులు పోయినట్టే. బెల్లం, పంచదారలతో కప్పిపుచ్చాలని చూడకుండా పోపు మళ్లీ పెట్టుకోవడం నయం.

తర్వాతి వరస తప్పకూడదు. ముందు పావు వంతు గుమ్మడి ముక్కలు, 250 గ్రాముల ఉడికించిన శనగలు, ఒకటిన్నర టీస్పూన్ ఉప్పు, 400 మిల్లీలీటర్ల వేడినీళ్లు. మూత పెట్టి 15 నిమిషాలు సన్నని సెగ మీద ఉంచి, మెత్తబడ్డ ముక్కల్ని గిన్నె గోడకి నొక్కి మెదిపేయండి. చిక్కదనం దీన్నుంచే వస్తుంది, పిండి కలపక్కర్లేదు. అప్పుడు 250 గ్రాముల టమాటా తరుగు వేసి మూత లేకుండా 5 నిమిషాలు. చివర్లో మిగతా ముక్కలు వేసి, మూత ఓరగా పెట్టి 10 నుంచి 12 నిమిషాలు.

టమాటా మధ్యలో ఎందుకంటే, పులుపు తగిలిన గుమ్మడి త్వరగా మెత్తబడదు. మెదపాల్సిన ముక్కలు పులుపుకి ముందు, నిలబడాల్సినవి పులుపు తర్వాత. శనగలు కూడా పులుపులో ఉడకడానికి మొండికేస్తాయి కాబట్టి వాటిని విడిగా పూర్తిగా ఉడికించే వేయాలి. కత్తి మొన దిగుతూ కాస్త అడ్డం తగులుతున్నప్పుడే మంట ఆపండి. దించాక కూడా గిన్నె వేడికి ముక్క ఉడుకుతూనే ఉంటుంది. పూర్తిగా ఉడికాక ఆపితే వడ్డించేసరికి ముద్ద అవుతుంది. ఈ గిన్నెకి కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ప్రెషర్ కుక్కర్ శనగలకి మంచిదే, గుమ్మడికి మాత్రం ఒక్క విజిల్ కూడా ఎక్కువే. స్లో కుక్కర్‌లో నీరు ఇగరదు, ముక్క ఎర్రబడదు. పూత లేని క్యాస్ట్ ఐరన్‌లో టమాటా ఎక్కువసేపు ఉడికితే ఇనుము రుచి వస్తుంది, దానికి పట్టిన నూనె పొర కూడా పోతుంది. గట్టి పోటీ ఇచ్చేది మందపాటి ట్రైప్లై (మూడు లోహపు పొరల) స్టీలు గిన్నె. తేలిక, మంట తగ్గించిన వెంటనే మాట వింటుంది, పొడులు మాడే భయం తక్కువ. మణికట్టు నొప్పులున్నవాళ్లు, చిన్న పొయ్యి ఉన్నవాళ్లు అదే కొనుక్కోవడం మేలు.

కడిగేముందు గిన్నె చల్లారనివ్వాలి. పసుపు మరక పడితే లీటరు నీళ్లలో 2 టీస్పూన్ల వంటసోడా వేసి 10 నిమిషాలు మరిగిస్తే చాలావరకు తేలిపోతుంది. స్టీలు పీచు వాడితే మెరుపు పోయి, ఆపైన ప్రతి వంటా అంటుకుంటుంది. అంచు దగ్గర పూత పల్చగా ఉంటుంది కాబట్టి తడి లేకుండా తుడవకపోతే తుప్పు పడుతుంది. బయటి పూత కాస్త ఊడినా వాడుకోవచ్చు. లోపల పెచ్చు లేస్తే మాత్రం అందులో వండొద్దు, ఆ గాజు పలుకులు తిండిలో పడతాయి.