ట్రాక్టర్ ఇంజన్ బోరుకి ఇస్తున్నారా? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ముందు ఇది చదవండి

ఉభాలకి (వరి నాట్లకి) ముందు పూర్తిగా ఇంజన్ పని, అంటే బోరు, జరిగిన ఒక మూడు సిలిండర్ల ట్రాక్టరు, దమ్ములో దిగిన కొద్ది రోజులకే ఆయిల్ ప్రెషర్ పడిపోయి మడిలోనే ఆగిపోయింది. లైనర్లు (పిస్టన్లు ఆడే గొట్టాలు), పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవే. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) కూడా గ్రైండింగ్ చేయించారు. షెడ్డు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే తీరు పని మన రెండు జిల్లాల్లో ఇంకా చాలాచోట్ల జరుగుతోంది కాబట్టి, పని ఎక్కడ చెడిందో తెలుసుకుంటే మీ ఇంజన్ని కాపాడుకోవచ్చు.

ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్ దింపి బిగ్ ఎండ్ బేరింగు (పిస్టన్ రాడ్డు క్రాంకుని పట్టుకునే చోటిది) తీస్తే, పైన ఉండాల్సిన బూడిదరంగు పూత చాలా మేర పోయి లోపలి రాగిరంగు బయటపడింది. చుట్టూ గీతలు, వాటి మధ్య గోటికి గరుకుగా తగిలే నల్లటి నలుసులు. క్రాంకులో ఆయిల్ వెళ్లే రంధ్రంలోకి సన్నటి తీగ పెట్టి లాగితే బూడిదరంగు ముద్ద వచ్చింది. అది గ్రైండింగ్ రాయి పొడి, ఇనప రజను ఆయిల్‌తో కలిసి పేరుకున్న ముద్ద.

క్రాంకు మీద బేరింగులు కూర్చునే నున్నటి చోట్లని జర్నల్స్ అంటారు. మెయిన్ జర్నల్స్ నుంచి బిగ్ ఎండ్ జర్నల్స్‌కి ఆయిల్ వెళ్లడానికి క్రాంకు లోపల అడ్డంగా రంధ్రాలు ఉంటాయి. చాలా క్రాంకుల్లో వాటి చివర్లకి ప్లగ్గులు కొట్టి ఉంటాయి. గ్రైండింగ్ చేసేటప్పుడు పొడి ఆ రంధ్రాల్లోకి పోతుంది. పైనుంచి డీజిల్ పోసి గాలి కొడితే క్రాంకు తళతళలాడుతుంది, లోపలి ముద్ద మాత్రం కదలదు. ప్లగ్గులు తీసి, రంధ్రానికి సరిపోయే సన్నటి బ్రష్షు పెట్టి తోమి, కడిగి, గాలి కొట్టి, కొత్త ప్లగ్గులు వేయాలి. ఆయిల్ ఫిల్టర్ ఆపుతుంది కదా అనుకోకండి. ఫిల్టర్ దాటి వచ్చిన ఆయిలే క్రాంకులోకి వెళ్తుంది. అక్కడ ఉన్న మురికిని ఆపేది ఇంకేమీ లేదు, నేరుగా బేరింగులోకే పోతుంది.

మరి ఇది ఎవరి తప్పు? షెడ్డువాళ్లని అడిగితే లేత్ వాళ్ల మీదకి తోశారు, లేత్ వాళ్లు "మాకు గ్రైండింగ్ ఒక్కటే చెప్పారు" అన్నారు. ఇద్దరి మధ్యా నలిగింది ఓనరు. అందుకే ఏ మెకానిక్‌కి ఇచ్చినా మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: "బాబూ, క్రాంకు హోల్స్ ఎవరు కడుగుతారు, ప్లగ్గులు ఎవరు తీస్తారు?" పని తెలిసినవాడు వెంటనే చెప్తాడు. "అవన్నీ లేత్ వాళ్లు చూసుకుంటారులే" అన్నాడంటే ఇంకో షెడ్డు వెతుక్కోండి. ఎంత పాత షెడ్డయినా, ఎంత పేరున్న మిస్త్రీ అయినా సరే.

రెండో ప్రశ్న కొలతలది. గ్రైండింగ్‌కి ముందు, తర్వాత మైక్రోమీటర్‌తో ప్రతి జర్నల్‌నీ కొలిచి కాగితం మీద రాసి ఇమ్మనండి. క్రాంకు సైజులు సాధారణంగా 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల చొప్పున దిగుతాయి, మన దగ్గర అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన పది, ఇరవై, ముప్పై, నలభై అనే పిలుస్తారు. బేరింగు వీపు మీద సైజు అచ్చు వేసి ఉంటుంది, అది క్రాంకు సైజుతో కలవాలి. బిగించే ముందు ఫోన్లో ఫొటో తీసుకోండి. క్రాంకు జర్నల్ అంచు దగ్గర చిన్న గుండ్రటి మలుపు ఉంటుంది. గ్రైండింగ్ రాయి సరిగా మలచకుండా అక్కడ పదునైన మూల చేసేస్తే, దమ్ము చక్రాల లోడు పడ్డప్పుడు క్రాంకు ఆ మూల దగ్గరే పగులుతుంది. వేలు పెట్టి చూస్తే మూల తెలిసిపోతుంది.

బేరింగు, జర్నల్ మధ్య సందు ఎంత ఉందో చూడటానికి ప్లాస్టిగేజ్ అని సన్నటి మైనం దారం దొరుకుతుంది. దాన్ని జర్నల్ మీద పెట్టి, క్యాప్‌ని టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగించామో చూపేది) బిగించి, తీసి, నలిగిన వెడల్పు కొలవడమే. క్యాప్ బిగించి ఉన్నంతసేపూ క్రాంకు తిప్పకూడదు. "చేత్తో తిప్పితే తెలిసిపోద్ది" అనే మాట పూర్తిగా అబద్ధం కాదు, మెయిన్ క్యాపులన్నీ బిగించాక క్రాంకు చేతికి నున్నగా తిరగాల్సిందే. కానీ సందు ఎక్కువైన క్రాంకు కూడా నున్నగానే తిరుగుతుంది.

సామాను మీరే కొనుక్కోండి. కంపెనీ డీలర్ స్పేర్స్ కౌంటర్లో పార్ట్ నెంబరుతో, జీఎస్టీ బిల్లుతో కొంటే కొంచెం ఎక్కువే అవుతుంది. బయట కొంటే బ్రాండు పెట్టెలో నకిలీ రింగులు రావడం కొత్తేమీ కాదు. రింగుని పిస్టన్‌కి తొడగకముందే లైనర్లో అడ్డంగా తిన్నగా పెట్టించి, రింగు చివరల మధ్య సందుని ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్నటి రేకులు) చూడండి. నాలుగంగుళాల బోరుకి సుమారు 0.30 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉంటుంది, ఖచ్చితమైన అంకె మీ మోడల్ మాన్యువల్లో చూసుకోండి. సందు మరీ తక్కువైతే వేడికి రింగు సాగి చివరలు తన్నుకుని విరుగుతుంది. రింగు మీద గుర్తు ఉన్న వైపు పైకే ఉండాలి. రింగుల సందులన్నీ ఒకే వరసలో పెట్టకూడదు.

లైనర్ల దగ్గర ఎక్కువమంది చేసే తప్పు కింది రబ్బరు రింగులు మెలిపడినా చూడకుండా దించేయడం. లైనర్లు దించాక, చాంబర్ మూయకముందే బ్లాకులో నీళ్లు నింపి రాత్రంతా ఉంచమనండి. పొద్దున్న కింద తడి కనపడితే లైనర్ మళ్లీ పైకి రావాల్సిందే. ఈ పని ఎగ్గొట్టిన ఇంజన్లో తర్వాత ఆయిల్ మజ్జిగ రంగుకి తిరుగుతుంది, అప్పటికి బేరింగులు కూడా పోతాయి. లైనర్ పై అంచు బ్లాకు కన్నా రవ్వంత పైకి ఉండాలి. ఆ రవ్వ ఎంతో మాన్యువల్లో ఉంటుంది, డయల్ గేజితో చూపించమనండి. లోపలికి దిగిపోతే హెడ్ గాస్కెట్ నిలవదు.

హెడ్డు సంగతి తేలిక. వాల్వులు బిగించాక హెడ్డుని తిప్పి పోర్టుల్లో కిరోసిన్ పోయండి. వాల్వు సీటు దగ్గర ఊరితే గ్రైండింగ్ సరిగా లేదు. హెడ్డు బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, రెండు మూడు విడతలుగా, టార్క్ రెంచితోనే బిగించాలి. షెడ్డులో టార్క్ రెంచే లేకపోతే ఇక మాట్లాడేదేముంది?

నాజిళ్లు, పంపు చెక్ చేయించకుండా కొత్త పిస్టన్లు వేయకండి. నాజిల్ చిమ్మకుండా కారుతుంటే ఆ డీజిల్ లైనర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, పిస్టన్ తల కాలుతుంది.

మొదటిసారి స్టార్ట్ చేసే రోజు మీరు తప్పకుండా దగ్గర ఉండండి. స్టాప్ లివర్ లాగి పట్టుకుని, సెల్ఫ్‌కి విశ్రాంతి ఇస్తూ, ఆయిల్ ప్రెషర్ కనపడేదాకా తిప్పాలి. ఆ తర్వాతే డీజిల్ వదలాలి. గంటలకొద్దీ స్లోలో వదిలేస్తే రింగులు కూర్చుంటాయన్నది తప్పు. అలా చేస్తే లైనర్ గోడ అద్దంలా నునుపెక్కి ఇంజన్ ఆయిల్ తాగడం మొదలెడుతుంది. మొదటి యాభై గంటలు మధ్యస్థ లోడు ఇవ్వండి, కొద్దిపాటి బరువున్న ట్రాలీ, తేలిక దుక్కి లాంటివి. దమ్ము వద్దు. యాభై గంటలకి ఆయిల్, ఫిల్టర్ మార్చండి. అందుకే ఈ పని జూన్‌లో పెట్టుకోకూడదు. అప్పుడు షెడ్ల ముందు బళ్లు బారులు తీరి ఉంటాయి, రాత్రిళ్లు లైటు వెలుతుర్లో బిగించేస్తారు, ఓనరు కూడా "రేపటికి కావాలి" అని తొందర పెడతాడు. నూర్పులు అయిపోయిన ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు.

ఇంజన్ దింపే ముందు బ్లాకు మీది నెంబరు ఆర్‌సీతో సరిచూసి ఫొటో తీయండి. క్రాంకు మీద గ్రైండింగ్ పడని చోట పంచ్‌తో చిన్న గుర్తు పెట్టండి, గ్రైండింగ్‌కి వెళ్లి వచ్చింది మీ క్రాంకేనో కాదో తెలుస్తుంది. పాత సామానంతా గోనెసంచిలో వెనక్కి తీసుకోండి. తెల్ల చీటీ మీద కూలి మొత్తం రాసి ఇస్తే ఒప్పుకోకండి. చేసిన పని, కొలతలు, ఎన్ని గంటల గ్యారంటీ, చెడితే ఎవరు దింపి ఎవరు బిగిస్తారో సంతకంతో ఉండాలి. గొడవ అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయవచ్చు. మీరు చెల్లించింది ఐదు లక్షలు దాటకపోతే ఫీజు లేదు. ట్రాక్టరు మీ బతుకుతెరువు కోసం మీరే నడుపుకుంటున్నారని ఫిర్యాదులో రాయండి, లేకపోతే వ్యాపారానికి వాడుతున్నారని అవతలివాళ్లు అడ్డం పడతారు.

ఇప్పటికే ఈ సీజన్లో బిగించేసినవాళ్లు, వేడెక్కాక స్లోలో ప్రెషర్ లైటు మినుకుమంటుంటే చిక్కటి ఆయిల్ పోసి నెట్టుకురాకండి. చాంబర్ దింపి ఒక్క బిగ్ ఎండ్ క్యాప్ తీసి చూడండి. గీతలు పడటం మొదలైన దశలో అయితే క్రాంకు కడిగి, పాలిష్ చేసి, అదే సైజు కొత్త బేరింగులతో బయటపడే అవకాశం ఉంది. రాగి బయటపడి జర్నల్‌కి కూడా గీతలు దిగాయంటే ఇంకో సైజు గ్రైండింగ్ తప్పదు. ఆయిల్ పంపు విప్పి చూసి, బ్లాకులోని ఆయిల్ దారులన్నీ మళ్లీ కడిగించండి.