కోళ్ళ షెడ్డు పెద్ద ఫ్యాన్లకి సింగిల్ ఫేజా, త్రీ ఫేజా? ఏది మేలు?

షాద్‌నగర్ సైడు మా బాబాయి పాత కోళ్ళ షెడ్డుని ఈసీ (చుట్టూ మూసేసి ఫ్యాన్లతో గాలి, వేడి అదుపు చేసే షెడ్డు) చేయించాడు, 50 ఇంచుల ఫ్యాన్లు ఎనిమిది, ఒక్కోటి ఒకటిన్నర హెచ్‌పీ. ఆర్డర్ ఇచ్చే ముందు ఫోన్ చేసి "ఏరా, సింగిల్ ఫేజ్‌వే తెద్దామా, ప్లగ్గు పెట్టుకుంటే అయిపోతది గదా" అన్నడు. ఆగు బాబాయ్ అన్నా, ఎందుకంటే ఆ ప్లగ్గు కథ నాకు బాగా తెలుసు.

మా పాత షెడ్డులో అలాగే పెట్టాం. ఇంట్లో గీజర్‌కి వాడే 16 ఆంప్స్ సాకెట్టే, గట్టిదే. కానీ గీజర్ అరగంట నడుస్తుంది, షెడ్డు ఫ్యాను ఎండాకాలం రాత్రీపగలూ నడుస్తుంది, పైగా లిట్టర్ (కోళ్ళ కింద పరిచే పొట్టు, రెట్ట) నుంచి వచ్చే అమ్మోనియా, దుమ్ము కలిసి రాగి, ఇత్తడి అన్నిటినీ తినేస్తాయి. ఒకరోజు ప్లగ్గు పీకబోతే ప్లగ్గు చేతికొచ్చింది, ఒక పిన్ను మాత్రం కరిగిన సాకెట్లోనే ఉండిపోయింది, నల్లగా. మెయిన్ ఆఫ్ చేసి ఉంది కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నా. కాబట్టి సింగిల్ ఫేజైనా త్రీ ఫేజైనా ఇంత మోటారుకి ప్లగ్గు వద్దు, ఫ్యాను పక్కనే ఐసోలేటర్ (కరెంటు పూర్తిగా విడదీసే స్విచ్చు) పెట్టి, కేబుల్ దూరే చోట గ్లాండ్ (కేబుల్‌ని గట్టిగా పట్టే బిరడా) బిగించి డైరెక్ట్ కేబుల్ ఇవ్వడమే.

ఇప్పుడు లెక్క. ఒకటిన్నర హెచ్‌పీ అంటే 1100 వాట్లు. సింగిల్ ఫేజ్ మోటారైతే 230 వోల్టుల మీద 9, 10 ఆంప్స్ లాగుతుంది, త్రీ ఫేజ్ అయితే 415 మీద ఒక్కో ఫేజుకి రెండున్నర చిల్లర. మీటరు నుంచి చివరి ఫ్యానుకి 60 మీటర్లు అనుకోండి, రెండున్నర ఎంఎం రాగి వైరు వేసినా సింగిల్ ఫేజ్‌కి నడిచేటప్పుడు 8 వోల్టులు దారిలోనే పోతాయి, స్టార్టింగ్‌లో 40 ఆంప్స్ లాగితే 35 వోల్టులు. అసలే ఏప్రిల్‌లో ఊళ్ళో వోల్టేజి 200కి పడిపోయి ఉంటే మోటారుకి అందేది 165, ఇక అది తిరగదు, గుయ్‌మని మూలుగుతూ కాలుతుంది. అదే వైరు మీద త్రీ ఫేజ్‌కి పోయేది 2 వోల్టులే. పైగా సింగిల్ ఫేజ్ మోటారుకి ఉండే కెపాసిటర్ దీనికి లేదు, అంటే రెండేళ్ళకోసారి మార్చే పనీ లేదు, ఆఫ్ చేశాక కూడా దాంట్లో చార్జ్ ఉండి మెకానిక్‌కి కొట్టే భయమూ లేదు.

అయితే త్రీ ఫేజ్ గొప్ప అని చప్పట్లు కొట్టకండి, దానికీ జబ్బులున్నాయి. ఒక ఫేజు ఫ్యూజు పోతే మోటారు మిగతా రెండు ఫేజుల మీద ఈడుస్తూ ఎక్కువ కరెంటు లాగి వైండింగ్ మాడుతుంది. దీనికి మందు సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారుని ఆపేసేది), ఇంకా ఒక్కో ఫ్యానుకీ ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువ లాగితే ఆపేసేది), ఆ రిలే డయల్‌ని మోటారు నేమ్‌ప్లేట్ మీద రాసిన ఆంప్స్‌కే తిప్పాలి. మనోళ్ళు ట్రిప్పవుతోందని ఆ డయల్‌ని చివరికి తిప్పేస్తారు, ఇంకొందరు స్టార్టర్ పచ్చ బటన్ నొక్కే ఉండేలా దాంట్లో పుల్ల గుచ్చుతారు. పుల్ల గుచ్చేవాళ్ళని తిట్టలేను కూడా, ఎందుకంటే మామూలు డీఓఎల్ స్టార్టర్ (బటన్ నొక్కితే మోటారుకి నేరుగా లైను ఇచ్చేది) కరెంటు పోయి వస్తే తనంతట తాను ఎత్తుకోదు. మనిషికి అదే సేఫ్టీ, చేయి పెట్టి ఉన్నప్పుడు ఫ్యాను తిరగదు. కోడికి అదే చావు, మూసిన షెడ్డులో మధ్యాహ్నం పూట గాలి ఆగితే ఎంతోసేపు తట్టుకోవు. అందుకే పుల్ల కాదు, టెంపరేచర్ కంట్రోలర్‌తో నడిచే కాంటాక్టర్లు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు), ఒక్కో ఫ్యాను కొన్ని సెకన్ల తేడాతో ఎత్తుకునేలా టైమర్లు. ఇక ఎవరైనా ఫ్యాను ముట్టుకోవాలంటే ముందు దాని ఐసోలేటర్ ఆఫ్ చేసి తాళం వెయ్యాలి.

సింగిల్ ఫేజ్ గెలిచే చోటు ఒకటుంది. ఫ్యాన్లని మూడు ఫేజుల మీద పంచితే ఒక ఫేజు పోయినా మూడింట రెండొంతుల ఫ్యాన్లు నడుస్తాయి, త్రీ ఫేజ్‌లో ప్రివెంటర్ పనిచేసి ఎనిమిదీ ఒకేసారి ఆగుతాయి. అందుకని బాబాయికి ఆరు త్రీ ఫేజ్, మీటరు రూముకి దగ్గర్లో రెండు సింగిల్ ఫేజ్, ఆ రెండూ వేర్వేరు ఫేజుల మీద పెట్టించా. మీ సర్వీసే సింగిల్ ఫేజ్ అయి, ఉన్నది రెండు ఫ్యాన్లే అయితే ఇంత ఆలోచన అక్కర్లేదు, డబుల్ పోల్ ఎంసీబీ (ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే ట్రిప్ స్విచ్చు), 4 ఎంఎం వైరు వేసి కానిచ్చేయండి.

ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ట్రిప్పయ్యే స్విచ్చు) గురించి బాబాయితో గొడవ పడ్డాం. 30 మిల్లీ ఆంప్స్‌ది మొత్తానికి ఒక్కటి పెడితే ఒక మోటార్లో తడి చేరినా అన్నీ పోతాయి, అలాగని తీసేస్తే ఒక బ్యాచ్ కోళ్ళు వెళ్ళాక షెడ్డుని ప్రెజర్ పంపుతో కడిగే కుర్రాడి ప్రాణం మీదికొస్తుంది. లైట్లకీ సాకెట్లకీ ఒకటి, ఒక్కో ఫ్యానుకి వేరేది, ఖర్చైనా అంతే. ఎర్త్ విషయంలో బేరం లేదు, త్రీ ఫేజ్ మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలి అనేది రూలు. షెడ్డు ఇనుప యాంగిల్‌కి వైరు చుట్టడం ఎర్త్ కాదు, న్యూట్రల్‌ని బాడీకి కలపడం అయితే నేరుగా షాకే, ఎక్కడైనా న్యూట్రల్ తెగిందా బాడీ మొత్తం కరెంటు.

ఇంకోటి, మొన్న లైన్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర జంపర్లు (లైన్లని కలిపే వైరు ముక్కలు) మార్చి వెళ్ళాక బాబాయి షెడ్డులో ఉక్క. ఆరు త్రీ ఫేజ్ ఫ్యాన్లూ తిరుగుతున్నాయి, చప్పుడు మామూలే, కానీ బయటికెళ్ళి చూస్తే ఆరింటి షటర్లూ (గాలి తోస్తే తెరుచుకునే రెక్కలు) మూసుకునే ఉన్నాయి, ఫేజుల వరుస మారి ఫ్యాన్లు రివర్స్ తిరుగుతున్నాయన్నమాట. సింగిల్ ఫేజ్ రెండిటికీ ఏమీ కాలేదు, అవే నెట్టుకొచ్చాయి. మెయిన్ దగ్గర రెండు ఫేజులు అటూ ఇటూ మార్చాం, షటర్లు టపటపా తెరుచుకున్నాయి. కాసేపయ్యాక జనరేటర్ మీద వేసి చూస్తే మళ్ళీ మూసుకున్నాయి, దాని వైర్లు కూడా మార్చాల్సొచ్చింది.