ఆక్సిజన్ ఎనలైజర్: అనంతపురంలో కొన్నేళ్లు వాడాక

స్కూబా డైవింగ్‌లో పీల్చే నైట్రాక్స్ (మామూలు గాలికన్నా ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గ్యాస్) కోసం ఆక్సిజన్ ఎనలైజర్, అంటే గ్యాస్‌లో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే మీటరు, కొనేవాళ్లు ముందుగా అడగాల్సింది, అది శాతంతో పాటు మిల్లీవోల్టులు కూడా చూపిస్తుందా అని. చూపించకపోతే ఎంత చౌకగా వచ్చినా వద్దు.

అనంతపురంలో మా కంప్రెసర్ షెడ్డులోనే గ్యాస్ కలుపుకుని, సిలిండర్లు బండిలో వేసుకుని పుదుచ్చేరికో, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవికో డైవింగ్‌కు పోతుంటాం. కొన్నేళ్లుగా వాడుతున్నది ఒకటే మీటరు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ రకం మీటర్లు చాలావాటిలో లోపల ఉండేది ఒకే తరహా గాల్వానిక్ సెల్. ఆక్సిజన్ తగిలితే దానంతటదే చిన్న వోల్టేజీ పుట్టిస్తుంది. మీటరు దాన్ని శాతంగా మార్చి చూపిస్తుంది, అంతే. సెల్ లోపల సీసం మెల్లగా అరిగిపోతుంది కాబట్టి రెండు మూడేళ్లకు మార్చక తప్పదు. అందుకే సెల్ విడిగా దొరుకుతుందో లేదో కూడా కొనేముందే కనుక్కోండి.

మిల్లీవోల్టులు ఎందుకో చెప్తాను. ముసలి సెల్ మామూలు గాలిలో ఉండే 20.9 శాతం ఆక్సిజన్‌ను బాగానే చూపిస్తుంది, ఎందుకంటే మనమే దాన్ని అక్కడికి సర్దుతాం. ఆక్సిజన్ ఎక్కువున్న చోటే అది చేతులెత్తేస్తుంది. గాలిలో 10.5 మిల్లీవోల్టులు ఇచ్చే సెల్ స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో దాదాపు 50 ఇవ్వాలి. 45 దగ్గరే ఆగిపోతే సెల్‌ను అనుమానించాలి.

సెల్‌నే కాదు, గ్యాస్‌ను కూడా అనుమానించాలి. ఒకసారి తెప్పించిన ఆక్సిజన్ జంబో సిలిండర్ 93 శాతం చూపించింది. సెల్ పాతబడిందేమోనని కొత్తది వేశాం. అప్పుడూ 93. అమ్మినాయన్ని అడిగితే, "ఆస్పత్రికి పోయే ఆక్సిజనే కదన్నా, ఇంకేం కావల్ల?" అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కోవిడ్ తర్వాత ఆస్పత్రుల్లో చాలాచోట్ల పెట్టిన పీఎస్ఏ ప్లాంట్లు (గాలిలోంచి నైట్రోజన్ తీసేసి ఆక్సిజన్ మిగిల్చేవి) ఇచ్చే ఆక్సిజన్ 93 శాతం దగ్గరే ఉంటుంది. రోగికి అది చాలు. అందులో మిగతాది ఎక్కువగా ఆర్గాన్, కొంత నైట్రోజన్. ద్రవ ఆక్సిజన్ నుంచి నింపిన సిలిండర్ అయితే 99కి పైనే ఉంటుంది.

మనకు లెక్క ఎక్కడ తప్పుతుందంటే, ఖాళీ సిలిండర్‌లో 28 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) స్వచ్ఛమైన ఆక్సిజన్ వేసి, 200 బార్ వరకు గాలి నింపితే 32 శాతం వస్తుంది. అదే 93 శాతం ఆక్సిజన్‌తో చేస్తే 31 దగ్గర ఆగుతుంది. నైట్రాక్స్‌కు ఇది పెద్ద తేడా కాదు. కానీ పైకి వస్తూ 6 మీటర్ల లోతులో డికంప్రెషన్ (ఒంట్లో చేరిన గ్యాస్ బయటికి పోయేదాకా ఆగడం) కోసం స్వచ్ఛమైన ఆక్సిజన్ అనుకుని ప్లాన్ వేసుకున్నవాడికి ఇది చిన్న విషయం కానే కాదు. అందుకే సిలిండర్ ఎక్కడ నింపారో అడుగుతాను, తర్వాత నేనే కొలుస్తాను. (శిక్షణ లేకుండా, ఆక్సిజన్ వాడకానికి తగ్గట్టు శుభ్రం చేయని సిలిండర్‌లో ఈ పని ఎవరూ చేయొద్దు. నూనె జిడ్డు మీద ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ పడితే మంట పుడుతుంది.)

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. ఈ సెల్ కొలిచేది నిజానికి శాతాన్ని కాదు, ఆక్సిజన్ పాక్షిక పీడనాన్ని, అంటే మొత్తం ఒత్తిడిలో ఆక్సిజన్ వాటాను. కాబట్టి చుట్టూ గాలి ఒత్తిడి మారితే అంకె కూడా మారుతుంది. మా ఊరు సముద్రమట్టానికి 300 మీటర్లకు పైన ఉంది. ఇక్కడ సరిచేసిన మీటరును అలాగే పుదుచ్చేరి ఒడ్డున పెడితే 32 ఉన్న గ్యాస్‌ను 33 అంటుంది. దిగిన చోటే మళ్లీ సరిచేయాలి. అక్కడి ఉక్కపోతలో గాలిలోని తేమ వల్ల కూడా లెక్క తప్పుతుంది. కాబట్టి బయటి గాలితో కాకుండా మామూలు గాలి నింపిన సిలిండర్ నుంచి పొడిగాలి వదిలి సరిచేయడమే మేలు. వాల్వు సన్నగా తెరవండి, నిమిషానికి ఒకటి రెండు లీటర్లు చాలు. జోరుగా వదిలితే సెల్ మీద ఒత్తిడి పెరిగి అంకె పైకి పోతుంది.

ఏప్రిల్, మే ఎండల్లో మీటరును బండిలో వదిలేయకండి. వేడికి సెల్ త్వరగా అయిపోతుంది, అంకె కూడా నిలకడగా ఉండదు. నీడలో అరగంట ఉంచాకే కొలుస్తాను. నాకు నిజంగా విసుగు తెప్పించింది సెల్‌కు తగిలించే చిన్న కనెక్టర్. మా దుమ్ముకు పిన్ను వదులైపోయి అంకె ఎగిరెగిరి పడేది. మెత్తని బ్రష్‌తో తుడిచి, మీటరును జిప్ కవర్లో పెట్టడం మొదలుపెట్టాక ఆ బాధ తగ్గింది.

ట్రైమిక్స్ (ఆక్సిజన్, నైట్రోజన్, హీలియం కలిపిన గ్యాస్) కలిపేవాళ్లకు ఇదొక్కటే సరిపోదు. ఇది హీలియంను చూడదు, దానికి విడిగా హీలియం ఎనలైజర్ కావాలి. 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరు నుంచే గమనించాడు. హీలియం ఆచూకీ దొరికింది ఆ గ్రహణంతోనే అని చెప్తారు. ఇప్పుడు మాత్రం మన దేశం దాన్ని బయటినుంచే తెప్పించుకోవాలి, ధర అందుకు తగ్గట్టే ఉంది. 40 మీటర్ల లోతు దాటకుండా నైట్రాక్స్‌తో తిరిగేవాళ్లకైతే ఈ మీటరు, దాంతోపాటు ఒక స్పేర్ సెల్ చాలు. సెల్ కొనేటప్పుడు దాని మీద తయారీ తేదీ చూసుకోండి. డబ్బా తెరవకుండా షాపులో పడి ఉన్నా దాని ఆయుష్షు తరుగుతూనే ఉంటుంది.