టోక్యో నుంచి ఒసాకా: విమానం మేలా, రైలు మేలా?

మ్యాపు మీద నేరుగా కొలిస్తే సుమారు 400 కిలోమీటర్లు, పట్టాల మీద 515. టోక్యోలోని హనెడా విమానాశ్రయంలో ఎక్కి, ఒసాకా పక్కనున్న ఇటామి విమానాశ్రయంలో దిగడానికి టైమ్‌టేబుల్లో 65 నుంచి 75 నిమిషాలు వేస్తారు. అన్నిటికన్నా వేగమైన బుల్లెట్ రైలు నొజోమికి, ఒసాకాలో అది ఆగే షిన్-ఒసాకా స్టేషన్ దాకా దాదాపు రెండున్నర గంటలు. ఈ రెండంకెలు చూసి విమానం టికెట్టు కొంటే బోల్తా పడతారు.

టోక్యో స్టేషన్ నుంచి ఒసాకా నడిబొడ్డున ఉన్న ఉమెడా దాకా లెక్కేద్దాం. హమమత్సుచో స్టేషన్‌కు వెళ్లి మోనోరైలు పట్టుకుని హనెడా చేరేసరికి 35 నిమిషాలు. బయల్దేరే టైముకు 20 నిమిషాల ముందే సెక్యూరిటీ దాటాలి కాబట్టి, 45 నిమిషాల ముందు అక్కడుంటే నిమ్మళం. గాల్లోనూ నేల మీదా కలిపి 70. దిగి బయటికి రావడానికి 15, బస్సులో ఉమెడాకు మరో అరగంట. మొత్తం మూడుంపావు గంటలు, పెట్టె కోసం బెల్టు దగ్గర నిలబడితే ఇంకా ఎక్కువ. నొజోమి అయితే షిన్-ఒసాకాలో దిగి లోకల్ రైలెక్కితే నాలుగు నిమిషాల్లో ఒసాకా స్టేషన్, ఉమెడా దాని పక్కనే. మారే టైము కలిపినా మూడు గంటల లోపే. పైగా రద్దీ వేళల్లో గంటకు 12 నొజోమిలు దాకా నడుస్తాయి. ఒకటి తప్పిపోయినా కొంప మునగదు. తొందర్లో అదే లైన్లో నడిచే కొడామా రైలు మాత్రం ఎక్కకండి, అది ప్రతి స్టేషన్లో ఆగుతూ నాలుగు గంటలు తింటుంది.

మామూలు సీజన్‌లో నొజోమి రిజర్వుడు సీటు 14,720 యెన్లు. టోక్యో వైపు నరితా విమానాశ్రయం నుంచి ఒసాకా వైపు కన్సాయ్ విమానాశ్రయానికి చవక విమానాలు ఇందులో సగానికే దొరుకుతాయి. కానీ నరితా టోక్యోకు 60 కిలోమీటర్ల అవతల, కన్సాయ్ సముద్రంలో కట్టిన దీవి మీద. రెండు వైపులా రైలు ఛార్జీలు, పెట్టెకు విడిగా కట్టేది కలిపాక మిగిలేది కొంచెమే, రోజులో సగం మాత్రం పోతుంది.

మనవాళ్లకు చిక్కొచ్చేది సామాన్ల దగ్గరే. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే బోగీ చివరి వరస వెనక జాగా ఉన్న సీటే బుక్ చేసుకోవాలి. అదనంగా కట్టక్కర్లేదు గానీ, చేసుకోకుండా ఎక్కితే 1,000 యెన్లు వసూలు చేస్తారు. విదేశీ విమానాల్లో మామూలుగా ఒప్పుకునే 158 సెంటీమీటర్ల పెట్టె ఈ రూలు దాటదు, కానీ దాని 23 కిలోలు తల మీది అరలోకి ఎత్తాలి. అమ్మానాన్నలతో వెళ్తుంటే ఆ చివరి వరసే తీసుకోండి.

విమానం గెలిచే సందర్భాలూ ఉన్నాయి. ఢిల్లీ నుంచి హనెడాలో దిగి నేరుగా ఒసాకా వెళ్లేవాళ్లు, ఒకే టికెట్టు మీద ఉంటే విమానమే పట్టుకోవచ్చు. అయితే పెట్టెలు హనెడాలోనే తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. టోక్యో దక్షిణాన కమాటా లాంటి చోట బస ఉన్నా విమానమే నయం, హనెడా పది నిమిషాలే. రాత్రి ఆలస్యమైతే మాత్రం రైలే దిక్కు: ఇటామి 9 గంటలకు మూసేస్తారు, చివరి నొజోమి టోక్యోలో 9 దాటాకే కదులుతుంది.